గుర్తింపు ముద్రిక

పాఠ్యభాగ పరిచయం

ఇది శాస్త్ర సాంకేతిక వ్యాసం. కార్యాలయాల్లోని కంప్యూటర్లు తమ ముందు కూర్చున్న వ్యక్తి ఎవరో ఎట్లా నిర్ధారించుకుంటాయి, పాస్‌వర్డును ఎవరికీ పంపకుండానే అది తనకు తెలుసునని ఉద్యోగి ఎట్లా రుజువు చేయగలుగుతాడు అనే విషయాలను ఈ పాఠం వివరిస్తుంది. యంత్రం చేసే రక్షణ ఎంతవరకో, మనిషి వహించవలసిన బాధ్యత ఎక్కడ మొదలవుతుందో తెలియజేయడం దీని ఉద్దేశం.

పేరు ఒక్కటే చాలదు

తెలుగునాట వెల్దుర్తి అనే ఊరు ఒక్కటి కాదు. పల్నాడు జిల్లాలో, మాచర్ల ప్రాంతంలో ఒక వెల్దుర్తి ఉన్నది. కర్నూలు జిల్లాలో మరొకటి, తెలంగాణలోని మెదక్ జిల్లాలో ఇంకొకటి ఉన్నాయి. మూడూ మండల కేంద్రాలే. కవరు మీద 'వెల్దుర్తి' అని మాత్రమే రాసి పంపితే ఆ ఉత్తరం ఏ ఊరికి చేరాలో తపాలా ఉద్యోగికి తెలియదు. జిల్లా పేరు, పిన్‌కోడు కూడా రాసినప్పుడే సందేహం తీరుతుంది.

మనుషుల విషయంలో ఈ సమస్య మరింత జటిలమైనది. "నేను ఫలానా వ్యక్తిని" అని ఎవరైనా చెప్పవచ్చు. ఆ మాట నిజమని ఎదుటివారు ఎట్లా నమ్మాలి? ఈ ప్రశ్న కంప్యూటర్లతో పుట్టినది కాదు. రామాయణంలోని సుందరకాండలో ఇదే ప్రశ్న సీతకు ఎదురైంది. అశోకవనంలో తన ఎదుట నిలిచిన వానరుడు రామదూతయో, మారువేషంలో వచ్చిన రావణుడో ఆమెకు తెలియలేదు. హనుమంతుడు రాముని లక్షణాలను వర్ణించి, రాముడు ఇచ్చి పంపిన ఉంగరాన్ని చూపిన తరువాతనే ఆమె సందేహం తొలగింది. తిరుగు ప్రయాణంలో హనుమంతుడు చూసినది సీతనే అని రాముడు నమ్మడానికి ఆమె చూడామణిని ఇచ్చింది. అంతటితో ఆగక, తనకూ రామునికీ మాత్రమే తెలిసిన కాకాసుర వృత్తాంతాన్ని ఆనవాలుగా చెప్పి పంపింది.

ఈ ఘట్టంలో గమనింపదగిన అంశాలు మూడున్నాయి. ఇద్దరికి మాత్రమే తెలిసిన రహస్యం ఒకటి; నమ్మకస్థుడు ఇచ్చిన ముద్రిక రెండవది; ఒక వైపే కాక ఇరువైపులా గుర్తింపు జరగడం మూడవది. నేటి కార్యాలయ కంప్యూటర్లలో విస్తృతంగా వాడుకలో ఉన్న టికెట్టు పద్ధతికి కూడా ఈ మూడే ఆధారాలు.

దస్త్రాల గది నుండి నెట్‌వర్కు దాకా

ఒకప్పుడు ప్రభుత్వ కార్యాలయంలో రికార్డులకు రక్షణ అంటే బీరువా, దానికి తాళం, ఆ తాళంచెవిని భద్రపరిచే ఉద్యోగి. భూమి వివరాలుండే అడంగల్‌ను ఎవరు తెరిచారో, ఎవరు దిద్దారో చేతిరాతను బట్టి, పొడి సంతకాన్ని బట్టి తెలిసేది. కాగితం స్థానంలో కంప్యూటరు వచ్చిన తరువాత పరిస్థితి మారింది.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ మార్పు అంచెలంచెలుగా జరిగింది. 2001లో హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరాలలో ఈ-సేవ కేంద్రాలు ఆరంభమయ్యాయి. 2011లో మీ-సేవ వచ్చింది. 2015లో మీభూమి ద్వారా అడంగల్, 1-బి వివరాలను ఇంటర్నెట్‌లో చూసుకొనే వీలు కలిగింది. 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాల వ్యవస్థ మొదలైంది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు, అంతకు ముందు గుంటూరు జిల్లాలో ఉన్న వెల్దుర్తి కొత్త జిల్లాలో చేరింది.

ఈ మార్పుల వలన మిరప, పత్తి పండించే రైతుకు సౌకర్యం పెరిగింది. దానితో పాటు ఒక కొత్త ప్రమాదమూ వచ్చింది. కంప్యూటరు తెరపై అక్షరాలకు చేతిరాత లేదు. ఎవరు టైపు చేసినా అక్షరం ఒకే తీరుగా ఉంటుంది. రైతు సర్వే నంబరు ఎదుట పేరు మారినప్పుడు, ఆ మార్పు చేసిన చేయి ఎవరిదో చెప్పగలిగేది ఆ సమయంలో ఏ ఉద్యోగి పేరుతో కంప్యూటరు తెరవబడి ఉన్నదనే నమోదు. ఆ నమోదు నమ్మదగినది కాకపోతే నష్టపోయిన రైతుకు న్యాయం జరగదు. తప్పు చేయని ఉద్యోగి నింద మోయవలసి వస్తుంది. కనుక లాగిన్ అనేది కేవలం యంత్రాన్ని తెరిచే లాంఛనం కాదు. అది బాధ్యతను స్వీకరించే సంతకం.

పాస్‌వర్డుతో వచ్చిన చిక్కు

వెల్దుర్తి వంటి మండల కేంద్రంలో పదిమంది ఉద్యోగులు, పది కంప్యూటర్లు ఉన్న ఒక కార్యాలయాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. దస్త్రాలన్నీ ఒక సర్వరులో ఉంటాయి. ముద్రణ యంత్రాలను మరొక సర్వరు నడుపుతుంది. ఉత్తర ప్రత్యుత్తరాలకు ఇంకొక సర్వరు ఉంటుంది. ఒక ఉద్యోగి ఈ మూడింటినీ ప్రతిదినం పలుమార్లు ఉపయోగించవలసి ఉంటుంది.

ప్రతి సర్వరూ తన వద్ద పదిమంది పాస్‌వర్డులను దాచుకొని, అడిగిన ప్రతిసారీ పోల్చి చూసుకోవచ్చు. ఇది సులభంగా తోచే మార్గమే కాని ఇందులో మూడు దోషాలున్నాయి.

మొదటిది, పాస్‌వర్డు ప్రతిసారీ తీగల వెంట ప్రయాణించడం. ఆ తీగలపై సాగే సమాచారాన్ని చాటుగా చూడగల వ్యక్తికి పాస్‌వర్డు ఒక్కసారి చిక్కితే చాలు, అది మార్చేంతవరకు అతడు ఆ ఉద్యోగి పేరుతో చెలామణి కాగలడు. రెండవది, రహస్యం అనేక చోట్ల నిల్వ ఉండడం. మూడు సర్వర్లలో ఏ ఒక్కటి శత్రువు వశమైనా అందరి రహస్యాలూ బయటపడతాయి. మూడవది, మనిషి సహనానికి సంబంధించినది. రోజుకు ఇరవైసార్లు పాస్‌వర్డు అడిగితే ఉద్యోగి విసిగిపోతాడు. సులువైనదే పెట్టుకుంటాడు, లేదా చీటీపై రాసి తెరకు అంటిస్తాడు.

ఒక్కసారి మాత్రమే పాస్‌వర్డు టైపు చేయాలి. ఆ పాస్‌వర్డు తీగల వెంట పోరాదు. అయినా రోజంతా ప్రతి సర్వరూ ఆ ఉద్యోగిని గుర్తించాలి. పరస్పర విరుద్ధంగా తోచే ఈ కోరికలను నెరవేర్చినదే టికెట్టు పద్ధతి.

ఎథీనా పథకం

ఈ పద్ధతి అమెరికాలోని ఒక విద్యాసంస్థలో రూపుదిద్దుకొన్నది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, అనగా ఎం.ఐ.టి., 1983లో ఐ.బి.ఎం., డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే సంస్థల సహకారంతో 'ఎథీనా' పథకాన్ని చేపట్టింది. ప్రాంగణమంతటా కంప్యూటర్లను నెలకొల్పి, ఏ విద్యార్థి ఏ కంప్యూటరు ముందు కూర్చున్నా తన దస్త్రాలను తాను పొందగలిగేట్లు చేయడం దాని ఆశయం.

ఆశయం ఉదాత్తమైనదే. అయితే విద్యార్థుల చేతుల్లో ఉన్న కంప్యూటర్లను సర్వర్లు నమ్మలేవు. తెలివైన విద్యార్థి కంప్యూటరులోని ప్రోగ్రాములను మార్చి, తాను ఆచార్యుడినని దానిచేత చెప్పించగలడు. కనుక యంత్రం చెప్పిన మాటను గాక, దాని ముందున్న వ్యక్తి చూపిన రుజువును పరీక్షించే విధానం అవసరమైంది.

దీనికి పునాది అప్పటికే పడి ఉన్నది. 1978లో రోజర్ నీధామ్, మైకేల్ ష్రోడర్ అనే శాస్త్రవేత్తలు, ఇద్దరూ నమ్మిన మూడవ కేంద్రం సాయంతో అపరిచితులు ఒకరినొకరు గుర్తించే పద్ధతిని ప్రతిపాదించారు. పాత సందేశాలను మోసగాళ్ళు తిరిగి వాడకుండా వాటికి సమయముద్ర చేర్చాలని 1981లో డొరొతీ డెనింగ్, జొవానీ సాకో సూచించారు. ఈ రెండు భావాలను స్వీకరించి ఎం.ఐ.టి.లో తయారైన వ్యవస్థకు 'కెర్బెరాస్' అని పేరు పెట్టారు. గ్రీకు పురాణాలలో పాతాళద్వారాన్ని కాపలా కాసే మూడు తలల కుక్క పేరు అది. దాని నాలుగవ రూపం 1980ల చివర లోకానికి అందింది. స్టీవ్ మిల్లర్, క్లిఫర్డ్ న్యూమన్ దాని ముఖ్య రూపకర్తలు. ఐదవ రూపాన్ని 1993లో ఇంటర్నెట్ ప్రమాణపత్రంగా ప్రకటించారు. 2005లో దానిని సవరించి మళ్ళీ వెలువరించారు. మైక్రోసాఫ్ట్ సంస్థ 2000లో విడుదల చేసిన విండోస్ 2000లో దీనిని స్వీకరించడంతో, విండోస్ ఆధారంగా నడిచే కార్యాలయ నెట్‌వర్కులలో ఇది ప్రధాన గుర్తింపు పద్ధతిగా స్థిరపడింది.

హాల్ టికెట్టు పోలిక

ఈ పద్ధతిని గ్రహించడానికి ఇంటర్మీడియట్ విద్యార్థికి హాల్ టికెట్టును మించిన పోలిక లేదు.

పరీక్షా కేంద్రంలోని పర్యవేక్షకునికి ఎదుట నిలిచిన విద్యార్థి అపరిచితుడు. విద్యార్థి పుట్టుపూర్వోత్తరాలను విచారించే తీరిక అతనికి లేదు. ఆ పనిని కళాశాల, ఇంటర్మీడియట్ బోర్డు ముందే పూర్తి చేశాయి. బోర్డు ఇచ్చిన హాల్ టికెట్టును చూసి పర్యవేక్షకుడు లోనికి అనుమతిస్తాడు. అతడు నమ్మినది విద్యార్థిని కాదు, బోర్డును. హాల్ టికెట్టులో పేరు ఉంటుంది. ఏ కేంద్రానికి చెల్లుతుందో, ఏయే తేదీలలో, ఏ వేళల్లో చెల్లుతుందో ఉంటుంది. ఒక కేంద్రానికి ఇచ్చినది మరొక కేంద్రంలో పనికిరాదు. పరీక్షలు ముగిసిన తరువాత దానికి ప్రవేశపత్రంగా విలువ లేదు.

హాల్ టికెట్టు దారిలో పోయి వేరొకరికి దొరికితే? దానిమీద ఛాయాచిత్రం ఉన్నది కనుక దొరికినవాడు పరీక్ష రాయలేడు. టికెట్టు తెచ్చినవాడే టికెట్టుకు సొంతదారుడని ఆ చిత్రం నిరూపిస్తుంది. కంప్యూటరు టికెట్టులో ఛాయాచిత్రం ఉండదు. దాని స్థానంలో ఏముంటుందో తెలిస్తే ఈ పద్ధతిలోని కీలకం తెలిసినట్లే.

టికెట్టు ప్రయాణం

కార్యాలయ నెట్‌వర్కులో అందరూ నమ్మే ఒక కేంద్రం ఉంటుంది. దానిని తాళంచెవుల పంపిణీ కేంద్రం అంటారు. ఇక్కడ తాళంచెవి అంటే ఇనుప ముక్క కాదు. సమాచారాన్ని ఇతరులకు అర్థం కాని గుప్తలిపిగా మార్చే, తిరిగి యథారూపానికి తెచ్చే ఒక పెద్ద సంఖ్య. ప్రతి ఉద్యోగికీ ఒక తాళంచెవి ఉంటుంది. అతని పాస్‌వర్డు నుండి గణితసూత్రం ద్వారా అది తయారవుతుంది. ప్రతి సర్వరుకూ ఒక తాళంచెవి ఉంటుంది. వీటన్నింటి ప్రతులూ కేంద్రం వద్ద భద్రంగా ఉంటాయి. కేంద్రంలో రెండు విభాగాలు పనిచేస్తాయి: గుర్తింపు విభాగం, టికెట్ల విభాగం.

మొదటి దశ ఉదయం జరుగుతుంది. ఉద్యోగి తన కంప్యూటరులో పేరు, పాస్‌వర్డు టైపు చేస్తాడు. పాస్‌వర్డు ఆ కంప్యూటరు దాటి వెళ్ళదు. కంప్యూటరు దాని నుండి తాళంచెవిని తయారుచేసి, ఆ క్షణపు సమయాన్ని ఆ తాళంచెవితో గుప్తలిపిగా మార్చి, ఉద్యోగి పేరుతో పాటు గుర్తింపు విభాగానికి పంపుతుంది. ఆ విభాగం తన వద్దనున్న ప్రతితో గుప్తలిపిని విప్పుతుంది. లోపల సరియైన సమయం కనిపిస్తే, పంపినవారికి పాస్‌వర్డు తెలుసునని తేలిపోతుంది. రహస్యం చెప్పకుండానే రహస్యం తెలుసునని రుజువైంది.

అప్పుడు కేంద్రం ఒక తాత్కాలిక తాళంచెవిని సృష్టిస్తుంది. దానిని ఉద్యోగి తాళంచెవితో గుప్తపరచి అతని కంప్యూటరుకు పంపుతుంది. దానితో పాటు మూల టికెట్టు అనే రెండవ పొట్లాన్ని కూడా పంపుతుంది. అందులో ఉద్యోగి పేరు, అదే తాత్కాలిక తాళంచెవి, చెల్లుబాటు గడువు ఉంటాయి. ఆ పొట్లానికి వేసిన తాళాన్ని కేంద్రం మాత్రమే విప్పగలదు. ఉద్యోగి కంప్యూటరు దానిని మోయగలదే తప్ప తెరవలేదు, గడువును దిద్దలేదు, పేరును మార్చలేదు. ఇకపై పాస్‌వర్డుతో పని లేదు.

రెండవ దశ, ఉద్యోగికి అడంగల్ దస్త్రం అవసరమైనప్పుడు మొదలవుతుంది. అతని కంప్యూటరు మూల టికెట్టును, దస్త్రాల సర్వరు పేరును, ఒక సమయచీటీని టికెట్ల విభాగానికి పంపుతుంది. సమయచీటీ అంటే ఉద్యోగి పేరును, అప్పటి సమయాన్ని తాత్కాలిక తాళంచెవితో గుప్తపరచిన సందేశం. టికెట్ల విభాగం మూల టికెట్టును తెరిచి లోపలి తాత్కాలిక తాళంచెవిని తీసుకొంటుంది. దానితో సమయచీటీని తెరుస్తుంది. రెండింటిలోని పేర్లు సరిపోతే టికెట్టు తెచ్చినవాడే దాని సొంతదారుడని తెలుస్తుంది. హాల్ టికెట్టుపై ఛాయాచిత్రం చేసే పనిని ఇక్కడ తాత్కాలిక తాళంచెవి చేస్తున్నది. తీగల మీద టికెట్టును కాజేసిన దొంగకు ఆ తాళంచెవి లేదు కనుక కొత్త సమయచీటీని తయారుచేయలేడు.

పరీక్ష నెగ్గిన తరువాత ఆ విభాగం సేవా టికెట్టును ఇస్తుంది. అది దస్త్రాల సర్వరు ఒక్కదానికే చెల్లుతుంది. దానికి వేసిన తాళాన్ని ఆ సర్వరు మాత్రమే విప్పగలదు. సర్వరుతో మాట్లాడేందుకు మరొక కొత్త తాత్కాలిక తాళంచెవిని కూడా ఉద్యోగి కంప్యూటరుకు అందజేస్తుంది.

మూడవ దశలో కంప్యూటరు ఆ సేవా టికెట్టును, కొత్త సమయచీటీని దస్త్రాల సర్వరుకు సమర్పిస్తుంది. సర్వరు తన తాళంచెవితో టికెట్టును తెరిచి, అందులోని తాళంచెవితో చీటీని పరీక్షించి, ఉద్యోగిని గుర్తిస్తుంది. దీనికోసం ఆ సర్వరు కేంద్రాన్ని సంప్రదించవలసిన పని లేదు. సర్వరు వద్ద ఉద్యోగుల పాస్‌వర్డులు ఉండవలసిన అవసరమూ లేదు.

ముద్రణ సర్వరు కావలసివచ్చినప్పుడు రెండవ, మూడవ దశలు మరల జరుగుతాయి. ఇదంతా కనురెప్పపాటులో ముగుస్తుంది. ఉద్యోగి ఉదయం ఒక్కసారి పాస్‌వర్డు టైపు చేసి తన పనిలో నిమగ్నమవుతాడు.

ఇరువైపుల గుర్తింపు

దస్త్రాల సర్వరు ఉద్యోగిని గుర్తించింది సరే. అది నిజమైన సర్వరేనని ఉద్యోగికి ఎట్లా తెలుస్తుంది? ఎవరో మాయ సర్వరును నెలకొల్పి ఉద్యోగి పంపిన సమాచారాన్ని కాజేయవచ్చు. అందుకే కోరినపుడు సర్వరు కూడా తన గుర్తింపును చూపుతుంది. సమయచీటీలోని సమయాన్ని తీసుకొని, టికెట్టులో లభించిన తాళంచెవితో గుప్తపరచి తిప్పి పంపుతుంది. నిజమైన సర్వరు కానిది టికెట్టును తెరవలేదు. తెరవలేనిది ఈ జవాబు ఇవ్వలేదు. హనుమంతుడు చూపిన ముద్రికకు సీత ఇచ్చిన చూడామణి వంటిది ఈ ప్రత్యుత్తరం.

వెల్దుర్తి అనే పేరు మూడు చోట్ల ఉన్నట్లే ఉద్యోగుల పేర్లు కూడా అనేక కార్యాలయాలలో ఒకటే కావచ్చు. అందుకే కెర్బెరాస్‌లో ప్రతి పేరుకూ దాని పరిధి పేరును చేరుస్తారు. ఏ కేంద్రం అధీనంలో ఉన్న ఉద్యోగియో ఆ పరిధి పేరు తెలుపుతుంది.

గడియారం విలువ

ఈ పద్ధతిలో కాలానికి ఉన్న ప్రాధాన్యం అసాధారణమైనది. దొంగ సమయచీటీని సృష్టించలేకపోయినా, తీగలపై పోతున్న చీటీని నకలు తీసి, తరువాత అదే చీటీని మరల పంపడానికి ప్రయత్నించవచ్చు. సమయం పాతబడిన చీటీని సర్వరు తిరస్కరిస్తుంది. సాధారణంగా 5 నిమిషాల తేడా వరకు అనుమతిస్తారు. ఆ 5 నిమిషాలలోనే మోసం జరగకుండా, ఇటీవల స్వీకరించిన చీటీలను సర్వరు గుర్తుంచుకోవచ్చు.

దీని ఫలితంగా కంప్యూటర్ల గడియారాలన్నీ ఏకీభవించవలసి ఉంటుంది. కంప్యూటరు లోపల నాణెం ఆకారంలో ఒక చిన్న బ్యాటరీ ఉంటుంది. విద్యుత్తు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. ఆ బ్యాటరీ అయిపోతే కరెంటు పోయి వచ్చిన తరువాత కంప్యూటరు సంవత్సరాలు వెనక్కు పోయిన తేదీని చూపవచ్చు. పాస్‌వర్డు సరియైనదే అయినా అప్పుడు టికెట్టు తిరస్కరణకు గురి కావచ్చు. ఉద్యోగి యంత్రాన్ని నిందిస్తాడు; నిజానికి దోషం అల్పమైన బ్యాటరీది. గడియారాలను తమంతట తామే సరిచేసుకొనే ఏర్పాటు నెట్‌వర్కులలో ఉండేది ఇందుకే.

టికెట్టు గడువుకు కూడా ఇదే తర్కం. విండోస్ నెట్‌వర్కులలో మార్పు చేయకపోతే టికెట్టు 10 గంటలు చెల్లుతుంది. ఒక పనిదినానికి అది సరిపోతుంది. టికెట్టు దొంగచేతిలో పడినా దాని ఆయుష్షు అంతే. పాస్‌వర్డు చిక్కితే కలిగే నష్టానికి, టికెట్టు చిక్కితే కలిగే నష్టానికి ఉన్న భేదం ఇక్కడే ఉన్నది.

పద్ధతికి ఉన్న పరిమితులు

ఏ కోటకైనా బలహీనమైన చోటు ఒకటి ఉంటుంది. కెర్బెరాస్‌లో నమ్మకమంతా ఒక్క కేంద్రం మీద నిలిచింది. ఆ కేంద్రం పనిచేయకపోతే కొత్తగా ఎవరూ లాగిన్ కాలేరు. అందుకే దానికి ప్రతిరూపంగా మరొక కేంద్రాన్ని సిద్ధంగా ఉంచుతారు. ఆ కేంద్రపు సొంత తాళంచెవి శత్రువుకు చిక్కితే పరిస్థితి మరింత ప్రమాదకరం. కోరిన పేరుతో, కోరిన గడువుతో మూల టికెట్లను అతడే తయారుచేసుకోగలడు. ఇట్టి దొంగ టికెట్టుకు 'గోల్డెన్ టికెట్' అనే పేరు వాడుకలోకి వచ్చింది. మిమికాట్జ్ అనే సాధనంతో దీనిని చేయవచ్చునని 2014లో నిరూపించారు.

గుప్తలిపి బలం కూడా కాలంతో పాటు తగ్గుతుంది. తొలినాళ్ళలో కెర్బెరాస్ వాడిన డి.ఇ.ఎస్. అనే గుప్తలిపి తాళంచెవి 56 బిట్లది. దానిని ప్రత్యేక యంత్రంతో 1998లో మూడు రోజుల లోపే ఛేదించారు. 2005లో ఏ.ఇ.ఎస్. అనే దృఢమైన గుప్తలిపి కెర్బెరాస్‌లో చేరింది. డి.ఇ.ఎస్.ను వాడరాదని 2012లో ప్రమాణపత్రం వెలువడింది. పాత తాళాన్ని మార్చని ఇంటికి దొంగభయం తప్పనట్లే, పాత గుప్తలిపిని విడువని కార్యాలయానికి ముప్పు తప్పదు.

మరొక విషయం. టికెట్టు 'ఎవరు' అనే ప్రశ్నకు మాత్రమే జవాబు చెబుతుంది. ఆ ఉద్యోగికి దస్త్రాన్ని చదివే హక్కు మాత్రమే ఉన్నదా, దిద్దే హక్కు కూడా ఉన్నదా అనేది వేరుగా నిర్ణయించవలసిన విషయం. గుర్తింపు వేరు, అధికారం వేరు. అట్లాగే, దస్త్రంపై అధికారి చేసే డిజిటల్ సంతకం కూడా దీనికి భిన్నమైనది. టికెట్టు ఆనాటికి ముగిసిపోతుంది. సంతకం దస్త్రంతో పాటు నిలిచి ఉంటుంది.

యంత్రం చేయలేని పని

ఇంత పకడ్బందీ ఏర్పాటును ఒక్క మాటతో వమ్ము చేయవచ్చు. ఆ మాట యంత్రం నుండి రాదు. "నేను సెలవు మీద వెళుతున్నాను, నా పాస్‌వర్డు ఇది, అత్యవసరమైతే చూసుకోండి" అని ఒక ఉద్యోగి మరొక ఉద్యోగికి చెప్పిన క్షణంలో వ్యవస్థ మొత్తం నిరర్థకమవుతుంది. పంపిణీ కేంద్రం గుర్తించేది మనిషిని కాదు, పాస్‌వర్డు తెలిసినవానిని. ఆ ఇద్దరూ ఒక్కరేనన్న నమ్మకంపైనే మిగిలినదంతా నిలబడి ఉన్నది. పాస్‌వర్డు చేతులు మారిన తరువాత జారీ అయ్యే ప్రతి టికెట్టూ యంత్రం దృష్టిలో సక్రమమైనదే. సత్యం దృష్టిలో అబద్ధం.

సహాయం చేయాలనే సద్బుద్ధితోనే అనేకులు ఈ పొరపాటు చేస్తారు. తోటి ఉద్యోగిపై నమ్మకం మంచిదే. కాని రికార్డులో తప్పు దొర్లినప్పుడు నమోదులో కనిపించే పేరు సెలవులో ఉన్న ఉద్యోగిది. తాను చేయలేదని అతడు నిరూపించుకోవలసి వస్తుంది. లాగిన్ చేసిన కంప్యూటరును అట్లాగే వదిలి టీ తాగడానికి వెళ్ళడం కూడా ఇటువంటిదే. అప్పటికే జారీ అయిన టికెట్లు ఎవరు మీటలు నొక్కినా పనిచేస్తాయి.

చట్టం కూడా దీనిని తేలికగా తీసుకోలేదు. 2000లో వచ్చిన సమాచార సాంకేతిక చట్టానికి 2008లో చేసిన సవరణ 66-సి సెక్షన్‌ను చేర్చింది. మోసపూరితంగా లేదా దురుద్దేశంతో ఇతరుల పాస్‌వర్డును, ఎలక్ట్రానిక్ సంతకాన్ని, ఇతర గుర్తింపు లక్షణాన్ని ఉపయోగించినవారికి 3 సంవత్సరాల వరకు జైలుశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు.

సెలవు మీద వెళ్ళే ఉద్యోగి చేయవలసినది పాస్‌వర్డును అప్పగించడం కాదు. తన పని చూడవలసినవారికి వారి పేరుతోనే తగిన అధికారం కల్పించవలసిందిగా పై అధికారిని కోరడం. అప్పుడు పని ఆగదు. చేసినవారి పేరూ మరుగున పడదు.

తన పొలం వివరాలు ఏ సర్వరులో ఉన్నాయో వెల్దుర్తి రైతుకు తెలియనక్కరలేదు. మూల టికెట్టు, సేవా టికెట్టు అనే మాటలు అతడు ఎన్నడూ వినకపోవచ్చు. తన భూమి తన పేరు మీదనే ఉండాలి. ఎవరైనా మార్చితే ఆ మార్చినవారు ఎవరో తెలియాలి. అతడు కోరేది అంతే. ఆ కోరిక నెరవేరడానికి సగం పని యంత్రం చేస్తుంది. మిగిలిన సగం, తన రహస్యాన్ని తనలోనే నిలుపుకొనే ఉద్యోగి చేయాలి.

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. టికెట్టు పద్ధతిలోని మూడు దశలను వివరించండి.
2. "లాగిన్ బాధ్యతను స్వీకరించే సంతకం" అనే అభిప్రాయాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. ప్రతి సర్వరుకూ పాస్‌వర్డు పంపడంలోని దోషాలేవి?
2. హాల్ టికెట్టుకు, కంప్యూటరు టికెట్టుకు గల పోలికలను, భేదాన్ని తెలపండి.
3. ఈ పద్ధతిలో గడియారానికి ప్రాధాన్యం ఎందుకు కలిగింది?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. కెర్బెరాస్ అనే పేరు దేనిని సూచిస్తుంది?
2. ఎథీనా పథకం ఏ సంవత్సరంలో ఆరంభమైంది?
3. గుర్తింపుకు, అధికారానికి గల భేదమేమి?